ఎంజీబీ వాక్యూమ్ యూనిట్: కొత్తదాని కంటే బాగుచేయించిన పాతదే నయం

నాది 1970 నాటి ఎంజీబీ జీటీ అనే బ్రిటిష్ కారు, ప్లగ్గులకు స్పార్క్ పంచేది లూకాస్ 25డీ4 డిస్ట్రిబ్యూటర్. ఇంజిన్ పీల్పును (వాక్యూమ్) బట్టి ఆ స్పార్క్‌ను ముందుకు జరిపే చిన్న డబ్బానే వాక్యూమ్ యూనిట్. ఇంగ్లండ్‌లో ఉంటున్నాం కాబట్టి విడిభాగాలకు కొదవ లేదు. సరైన విడిభాగం దొరకడమే కష్టం.

పాత యూనిట్‌లో డయాఫ్రమ్, అంటే లోపలి పలుచని పొర, చిరిగింది. కార్బురేటర్ వైపు పైపు ఊడదీసి నోటితో పీలిస్తే గాలి వచ్చేసేది, స్పార్క్ సమయాన్ని జరిపే పాయింట్ల ప్లేటు మాత్రం కదిలేది కాదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే వాక్యూమ్ ఎలాగూ ఉండదు కాబట్టి తేడా తెలియదు. నింపాదిగా వెళ్తున్నప్పుడే బండికి బద్ధకం, పెట్రోలుకు ఆకలి.

"ఎంజీబీలన్నిటికీ ఇదేనండీ" అంటూ ఒక దుకాణంవాళ్లు ఇచ్చిన కొత్తది మొదట్లో భేష్ అనిపించింది. స్నేహితులకూ చెప్పాను. వేసవిలో పీక్ డిస్ట్రిక్ట్ అనే కొండప్రాంతానికి వెళ్లాం. నాలుగో గేరులో మెల్లగా ఎత్తు ఎక్కుతుంటే బానెట్ కింద డబ్బాలో గోళీలు ఊపినట్టు ఒకటే నాకింగ్, అంటే ఇంధనం అదుపు తప్పి మండే చప్పుడు. పిస్టన్లు ఏమవుతాయోనని టెన్షన్. టైమింగ్ లైటు పెట్టి చూస్తే బేస్ టైమింగ్ (వాక్యూమ్ లేకుండా స్పార్క్ పడే సమయం) సరిగ్గానే ఉంది. వాక్యూమ్ పైపు తీసి మూసేసి అదే ఎత్తు ఎక్కితే చప్పుడు మాయం!

పాతదాని మీద 5-13-10 అని ముద్ర ఉంది. అంటే వాక్యూమ్ 5 అంగుళాల పాదరసం కొలతకు చేరితే ప్లేటు కదలడం మొదలై 13 దగ్గర ఆగుతుంది. చివరి 10 అంటే డిస్ట్రిబ్యూటర్ లెక్కలో స్పార్క్ 10 డిగ్రీలు ముందుకు జరగడం, ఇంజిన్ తిప్పే క్రాంక్ లెక్కలో అది 20. కొత్తదాని మీద అసలు అంకెలే లేవు. వాక్యూమ్ చేతిపంపు పెడితే 3 దగ్గరే కదిలింది. అంటే ఎత్తు ఎక్కేటప్పుడు వాక్యూమ్ పడిపోతున్నా అడ్వాన్స్ (స్పార్క్ ముందుకు జరిగిన మేర) వెనక్కి రాదు. వాపసు అడిగితే "వాడిన సరుకు తీసుకోం" అన్నారు. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

పాతదాన్నే డయాఫ్రమ్ మార్చే ఒకాయనకు పంపాను. ఖర్చు కొత్తదానికి రెట్టింపు. బిగించేటప్పుడు జాగ్రత్త: గోరంత సర్‌క్లిప్ (పట్టి ఉంచే రింగు), చేత్తో తిప్పే చక్రం, దాని వెనక స్ప్రింగు. గుడ్డ కప్పకపోతే క్లిప్పు ఎటు ఎగురుతుందో దేవుడికెరుక. బిగించాక పైపు పీల్చి నాలుకతో మూశాను. ప్లేటు జరిగి అక్కడే నిలబడింది, నాలుక పైపుకు అతుక్కుపోయింది. ఎంత సంతోషమో!

కొన్నేళ్లయినా నాకింగ్ మళ్లీ రాలేదు. మోటార్‌వేలో 60 మైళ్ల వేగంలో ఇంజిన్ మెత్తగా పోతుంది. మైలేజీ పెరిగిందని అప్పట్లో గొప్పగా చెప్పాను గానీ, ఊళ్లో ఆగుతూ వెళ్తే పెద్ద తేడా లేదు. నేను తీసేది ఎక్కువగా లాంగ్ డ్రైవ్‌లకే, అందుకే నాకు గిట్టింది. ట్రాక్ మీద తొక్కిపట్టి నడిపేవాళ్లకు ఈ ఖర్చు దండగ. పాతది పారేసి ఉంటే, కొత్తది కొనేముందు ఆ మూడంకెలూ అడగండి. పైపు చివర రబ్బరు కనెక్టర్లు కూడా మార్చేయండి, అవి పగిలితే మంచి యూనిట్ కూడా పనిచేయదు.