సింథటిక్ ఆయిల్ పోస్తే పెట్రోల్ పైసలు మిగులుతాయా?

సింథటిక్ అంటే ప్రత్యేకంగా తయారుచేసిన ఖరీదైన ఇంజన్ ఆయిల్, మినరల్ అంటే ముడి చమురు నుంచి తీసిన మామూలు ఇంజన్ ఆయిల్. నేను వాడింది రెండు బండ్లలో. ఒకటి 100 సీసీ బైకు, 2020కి ముందుది, కార్బురేటర్ బండి. ఇంకోటి 1.2 లీటర్ల పెట్రోల్ కారు. తొవ్వ ఎక్కువగా నల్లగొండ నుంచి తిప్పర్తి, మాడుగులపల్లి మీదుగా మిర్యాలగూడ. అప్పుడప్పుడు నార్కట్‌పల్లి దాటి హైదరాబాద్. బైకులో చాలాకాలం మినరల్ ఆయిలే నడిచింది, మూడేళ్ల నుంచి ఫుల్ సింథటిక్. రెండూ 10డబ్ల్యూ-30 గ్రేడే (గ్రేడు అంటే ఆయిల్ ఎంత చిక్కనో చెప్పే అంకె). పోలికకు అది ముఖ్యం, ఎందుకో కింద చెప్తా.

షెడ్డు కాడ ఎవరిని అడిగినా ఒకటే మాట: "సింథటిక్ పోయించు, లీటరుకు అయిదు కిలోమీటర్లు పెరుగుతది." పెరగలేదు. సగటున కిలోమీటరు లోపు తేడా కనిపించింది. అదీ ఆయిల్ వల్లేనని ఒట్టేసి చెప్పలేను. ఒకే ఆయిల్‌తో నడిచినప్పుడు కూడా ట్యాంకుకూ ట్యాంకుకూ మధ్య మూడు నాలుగు కిలోమీటర్లు అటూ ఇటూ అవుతూనే ఉంది.

కొలత సంగతి ముందు తేల్చుకోవాలి. రిజర్వ్ పడ్డప్పటి నుంచి మళ్లీ రిజర్వ్ పడేదాకా లెక్కేస్తే తప్పుడు అంకె వస్తుంది. బండి ఒరిగిన తీరును బట్టి, గతుకుల్లో కుదుపును బట్టి రిజర్వ్ ముందో వెనకో పడుతుంది. సరైనది ఫుల్ ట్యాంకు పద్ధతి. ఒకే బంకు, ఒకే పంపు. బైకు సెంటర్ స్టాండ్ మీదే ఉండాలి, సైడ్ స్టాండ్ మీద పెడితే ట్యాంకులో పట్టే పెట్రోల్ మారిపోతుంది. మూతి గొట్టం అడుగు అంచు దాకా నింపాలి, ప్రతిసారీ అక్కడికే. మీటర్ అంకె రాసుకోవాలి. ఒక్క ట్యాంకు చూసి మాట్లాడొద్దు, ఆయిల్‌కు అయిదు ట్యాంకులైనా కావాలి. ప్రతి ట్యాంకు ముందు టైర్లలో చల్లగా ఉన్నప్పుడే గాలి సరిచూసుకోవాలి.

ఇంత చేసినా ఇంకో చిక్కుంది, పెట్రోల్ మారింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ 2023 నుంచి మొదలై ఇప్పుడు బంకుల్లో మామూలైపోయింది. ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌తో పోలిస్తే మూడో వంతు తక్కువ. పాత బండ్లు ఈ పెట్రోల్‌తో నడిస్తే టూవీలర్లకు 3-4 శాతం, కార్లకు 6-7 శాతం మైలేజ్ తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే రాసి ఉంది. ఆయిల్ తెచ్చే తేడా దీని ముందు చిన్నది. అందుకే ఆ సమయంలో ఆయిల్ మార్చినవాళ్లు "సింథటిక్ పోసినంక మైలేజ్ పడిపోయింది" అని తిట్టుకున్నారు. తప్పు ఆయిల్‌ది కాదు.

ఇక ఆయిల్ అసలు ఎంత ఇవ్వగలదు? కంపెనీ చెప్పిన గ్రేడు వాడితే మైలేజ్ 1-2 శాతం మెరుగవుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. 5డబ్ల్యూ-30 పోయాల్సిన ఇంజన్లో 10డబ్ల్యూ-30 పోస్తే అంతే పోతుంది. ఈ మాటలో సింథటిక్ అన్న పదమే లేదని గమనించండి. మైలేజ్ వచ్చేది ఆయిల్ పలచదనం నుంచి. మన దగ్గర చాలా షెడ్లలో బండి ఏదైనా సరే డ్రమ్ములోంచి 20డబ్ల్యూ-40 తీసి పోస్తారు. దాని మీదినుంచి సింథటిక్ 10డబ్ల్యూ-30కి మారితే బండి తేలికగా కదిలినట్టు అనిపిస్తుంది, నిజంగానే కొంచెం కలిసొస్తుంది. కానీ అదే గ్రేడు మినరల్ ఆయిల్ పోసినా ఆ ఫాయిదాలో ఎక్కువ భాగం వచ్చేదే.

డబ్బా మీద డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. 5డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 10డబ్ల్యూను మైనస్ 25, 20డబ్ల్యూను మైనస్ 15. నల్లగొండలో డిసెంబరు తెల్లవారుజామున స్వెటర్ వేసుకుంటాం సరే, కానీ ఆ చలి ఇంజన్ ఆయిల్‌కు చలే కాదు. సింథటిక్ బాగా మిగిల్చేది చల్లటి ఇంజన్ స్టార్టయ్యేటప్పుడు. ఆ అవకాశం మనకు దాదాపు లేదు.

పైసల లెక్క చూద్దాం. బైకు ఆయిల్ డబ్బాకు నేను కొన్న ధరలు మినరల్ 380, ఫుల్ సింథటిక్ 800, మీ దగ్గర అటూ ఇటూ ఉండొచ్చు. బైకు ఏడాదికి 12,000 కిలోమీటర్లు, మైలేజ్ 60 అనుకుంటే 200 లీటర్ల పెట్రోల్. లీటరు 107 చొప్పున 21,400 రూపాయలు. నిండా రెండు శాతం మిగిలిందనే అనుకుందాం, 428 రూపాయలు. రెండు ఆయిళ్లనూ 3,000 కిలోమీటర్లకే మారిస్తే ఏడాదికి నాలుగు సార్లు, మినరల్‌కు 1,520, సింథటిక్‌కు 3,200. అదనంగా పెట్టింది 1,680, మిగిలింది 428. నష్టం 1,252. సింథటిక్‌ను 5,000 దాకా నడిపిస్తే ఖర్చు 1,920కి దిగుతుంది, అదనం 400, పెట్రోల్‌లో మిగిలింది తీసేస్తే లాభం 28 రూపాయలు. రెండు చాయ్‌ల పైసలు. మెకానిక్ కూలీ కొంత తగ్గుతుంది, అది వేరే.

ఇంకా సాగదీసి 8,000, 10,000 దాకా నడపొచ్చు కదా అంటారు. కార్లో అయితే కంపెనీ ఇచ్చిన పుస్తకం ఒప్పుకుంటే సరే. బైకులో ఇంజన్, గేర్‌బాక్స్, క్లచ్ మూడింటికీ ఒకటే ఆయిల్. చిక్కదనం నిలబెట్టే పాలిమర్లను గేరు పళ్లు నలిపేస్తాయి, 30 గ్రేడు ఆయిల్ మెల్లగా ఇంకా పలచబడుతుంది. సింథటిక్ అయినా ఆ నలుగుడు తప్పదు. ఇంకో సంగతి, కొన్ని 100 సీసీ బండ్ల పుస్తకంలో మామూలు ఆయిల్‌కే 6,000 రాసి ఉంటుంది, 3,000కు టాప్‌అప్ చేస్తూ. షెడ్డులో మాత్రం 2,500కే మార్చమంటారు. పుస్తకం తెరిచి చూస్తే సింథటిక్ లెక్క ఇంకా బలహీనపడుతుంది.

కారు లెక్క దాదాపు సమానం. 15,000 కిలోమీటర్లు, మైలేజ్ 18, పెట్రోల్ 89 వేల చిల్లర, రెండు శాతమంటే 1,780. ఆయిల్ మూడున్నర లీటర్లు, లీటరుకు 350 తేడా, 10,000కు ఒకసారి మారిస్తే ఏడాది అదనం 1,840. ఒక్క శాతమే వస్తే మునిగినట్టే. కొత్త కార్లకు 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 చెప్తారు. వాటిలో ఈ బేరమే లేదు, అంత పలచటి గ్రేడు ఎక్కువగా సింథటిక్ రకంలోనే దొరుకుతుంది.

మరి మూడేళ్లు ఎందుకు పోశానంటే గేర్ల కోసం, ఎండల కోసం. మినరల్‌తో 2,000 దాటేసరికి గేరు మార్చడం బిరుసెక్కేది, న్యూట్రల్ దొరికేది కాదు. సింథటిక్‌తో 4,000 దాకా మెత్తగా ఉంది. మే నెలలో 44 డిగ్రీల ఎండకు గాలితో చల్లబడే ఇంజన్ మండిపోతుంది. మినరల్ ఆవిరై గేజ్ పుల్ల మీద మట్టం దిగేది, సింథటిక్‌తో ఆ దిగుడు బాగా తగ్గింది. దీనికి పైసలు పెట్టొచ్చు. మైలేజ్ కోసం మాత్రం వద్దు.

పోసేటప్పుడు జరిగే తప్పులే అసలు నష్టం. కారు ఆయిల్ మిగిలిందని బైకులో పోయొద్దు. పలచటి కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులుంటాయి, క్లచ్ ప్లేట్లు జారుతాయి. అనుమానముంటే టాప్ గేర్లో నెమ్మదిగా పోతూ ఒక్కసారి ఫుల్ రేజ్ ఇవ్వండి, ఇంజన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే జారినట్టే. బైకు డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ల ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 ఉండాలి. ఎంబీ అని ఉంటే అది గేర్లు లేని స్కూటీలకు.

పుస్తకంలో ఆయిల్ కొలత రెండంకెల్లో ఉంటుంది, ఇంజన్ విప్పినప్పుడు ఒకటి, డ్రెయిన్ చేసినప్పుడు ఒకటి. రెండోదే మనది, తక్కువ. డబ్బా మొత్తం వంచేస్తే ఆయిల్ ఎక్కువై క్రాంకుకు తగిలి బరువు పడుతుంది, బ్రీదర్ గొట్టంలోంచి ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరుతుంది, మైలేజ్ పెంచాలని పోసిన ఆయిలే తగ్గిస్తుంది. ఇంజన్ అయిదు నిమిషాలు వేడెక్కాక ఆపి, సెంటర్ స్టాండ్ మీద డ్రెయిన్ బోల్టు విప్పి, పది నిమిషాలు కారనివ్వాలి. వాచర్ కొత్తది వేయాలి. బోల్టు చేతితో మూడు మరలు తిరిగాకే పానా పెట్టాలి, అల్యూమినియం మర ఒక్కసారి కోసుకుపోతే ఆ ఖర్చులో రెండేళ్ల ఆయిల్ వస్తుంది. ఇలాంటి 100 సీసీ బండ్లలో గేజ్ పుల్లను తుడిచి, బిగించకుండా ఊరికే దించి మట్టం చూడాలి. ఆయిల్ నల్లబడిందని కంగారు వద్దు, మసిని పట్టుకోవడమే దాని పని.

మైలేజే కావాలంటే గాలి చూడండి. అమెరికా ఇంధన శాఖ లెక్కే, అన్ని టైర్లలో సగటున ఒక్క పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గితే 0.2 శాతం పోతుంది. అయిదు తగ్గితే ఒక శాతం, సరైన గ్రేడు ఆయిల్ ఇచ్చేదంత. మిర్యాలగూడ మిల్లుల దగ్గర తిరిగే కార్బురేటర్ బండికి ఊకదుమ్ముతో ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోయి పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. వరికోతల కాలంలో నెలకోసారి ఫిల్టర్ తీసి చూస్తే ఎంత దుమ్ము పట్టిందో కనబడుతుంది.

ఈసారి బైకులో సెమీ సింథటిక్ (మినరల్, సింథటిక్ కలిపింది) పోస్తున్నా, 500 రూపాయల లోపు, 4,000 కిలోమీటర్లకు మార్చేలా. సీలు ఊడిన డబ్బా తీసుకోవద్దు, లూజ్ ఆయిల్ అసలే వద్దు. ఖాళీ డబ్బాకు మేకుతో రెండు బొక్కలు కొట్టి పారేయండి, లేకపోతే అదే డబ్బా వాడేసిన ఆయిల్‌తో నిండి మళ్లీ దుకాణం ఎక్కుతుంది.