రింగుల జుట్టు పిల్లలకు ఇంట్లో ఏది పనికొచ్చింది: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

మా ఇద్దరు పిల్లలకూ జుట్టు తిన్నగా ఉండదు. పెద్దమ్మాయిది అలలు అలలుగా భుజాలు దాటుతుంది. చిన్నవాడివి బిగుతైన రింగులు. ఆరినప్పుడు చెవుల దగ్గరే ఆగిపోతుంది, తడిపి లాగితే మెడదాకా వస్తుంది. కొన్నేళ్లుగా ఈ రెండు తలలకూ షాంపూలు, కండిషనర్లు, దువ్వెనలు, క్రీములు, జెల్లులు, దిండు గలీబులు మార్చి మార్చి వాడుతూ వచ్చాను. ఇప్పటికీ వదలకుండా వాడుతున్నవి మూడే: మంచి కండిషనర్, పళ్లు దూరదూరంగా ఉన్న దువ్వెన, ఓ పాత కాటన్ టీషర్టు. మిగతావి అప్పుడప్పుడు తీస్తాం, కొన్నిటిని అసలు ముట్టుకోం.

ఈ జుట్టుకు కండిషనర్ ఎందుకంత ముఖ్యమో తెలిస్తే ఏది కొనాలో సగం తేలిపోతుంది. మాడులో ఊరే నూనె తిన్నని వెంట్రుక మీదుగా సులువుగా కిందికి జారుతుంది. మెలికలు తిరిగిన వెంట్రుక మీద చివరిదాకా చేరదు. పైగా యుక్తవయసు రాకముందు పిల్లల మాడులో ఆ నూనె ఊరేదే తక్కువ. అందుకే కుదుళ్ల దగ్గర బాగానే ఉన్నా చివర్లు పీచులా తయారై, ఒకదాన్నొకటి పట్టుకుని చిక్కుపడతాయి. ఆ లోటు తీర్చి జారుడు తెచ్చేది కండిషనరే.

షాంపూ సంగతి త్వరగా చెప్పేస్తాను. చిన్నవాడికి వారానికి ఒకసారి, పెద్దదానికి రెండుసార్లు తలస్నానం సరిపోతోంది. చెమట ఎక్కువ పట్టిన రోజు ఉత్త నీళ్లు, కండిషనర్‌తో కానిచ్చేస్తాం. సల్ఫేట్ (నురగ తెచ్చి, జిడ్డును గట్టిగా వదిలించే పదార్థం) లేని షాంపూ ఇద్దరికీ పడింది. కళ్లు మండని బేబీ షాంపూలు కూడా చాలాకాలం వాడాం. అవి సున్నితమైనవే, కానీ వాటిలో చాలావాటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) కన్నీళ్లకు దగ్గరగా, 7 చుట్టుపక్కల ఉంటుంది. మాడు పీహెచ్ సుమారు 5.5, వెంట్రుకది ఇంకా తక్కువ. కాబట్టి ఆ షాంపూతో వెంట్రుక పైపొర కాస్త లేచి గరుకుగా అనిపిస్తుంది. దాని తర్వాత కండిషనర్ పెట్టకపోతే చిక్కులు ఖాయం.

ఇక అసలు పని చిక్కు తీయడం. పిల్లలు దువ్వెన చూడగానే పారిపోతున్నారంటే నొప్పి పుడుతోందనే అర్థం. ఆ నొప్పి జుట్టు వల్ల కాదు, దువ్వే తీరు వల్ల. ఈ మాట నేను గట్టిగా నమ్ముతాను. జుట్టు ఆరాకే దువ్వాలనే సలహా తిన్నని జుట్టుకు బాగుంటుంది. రింగులు పొడిగా ఉండగా దువ్వితే తెగుతాయి, రింగు విడిపోయి గుబురుగా లేస్తుంది. అలాగని ఉత్త తడి జుట్టు మీద కూడా దువ్వెన పెట్టకూడదు. తడిసిన వెంట్రుక సాగుతుంది, అప్పుడు దాని బలం తగ్గుతుంది. తల తడిగా ఉండగానే కండిషనర్ ధారాళంగా పట్టించి, జారుడు వచ్చాక మొదలుపెట్టాలి.

నేను జుట్టును నాలుగు పాయలు చేసి మూడింటిని క్లిప్పులతో పైకి పెడతాను. ముందు వేళ్లతోనే పెద్ద చిక్కులు విడదీస్తాను. తర్వాత దువ్వెన చివర్ల దగ్గర పెట్టి, అక్కడ సాఫీ అయ్యాక రెండు వేళ్లంత పైకి జరుపుతాను. అలా కొంచెం కొంచెంగా కుదుళ్లదాకా వెళ్తాను. ఈలోగా రెండో చేత్తో పాయను పైన గట్టిగా పట్టుకుంటాను. లాగినప్పుడు ఆ లాగుడు నా చేతి మీద పడుతుంది గానీ మాడుకు అందదు. చిన్నవాడు స్నానాల గదిలో బొమ్మలతో ఆడుకుంటూ ఉండిపోవడానికి కారణం ఈ ఒక్క ఒడుపే. ఇదే సమయంలో పేలు ఉన్నాయేమో చూసుకోవచ్చు. కండిషనర్ పట్టిన తడి జుట్టులో అవి చప్పున కదల్లేవు, సన్నపళ్ల పేల దువ్వెనకు సులువుగా చిక్కుతాయి.

కండిషనర్ కొనేటప్పుడు సీసా వెనక చదవడం అలవాటు చేసుకోండి. బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్, సిటైరిల్ ఆల్కహాల్ లాంటివి మొదటి వరసల్లో ఉంటే జారుడు బాగుంటుంది. ఆ రెండో పేరులో ఆల్కహాల్ ఉందని భయపడనక్కర్లేదు. అది జుట్టును మెత్తబరిచేదే, ఎండగొట్టేది కాదు. డైమెథికోన్ అనే సిలికోన్ ఉన్నవి మెరుపు తెస్తాయి కానీ అది నీళ్లలో కరగదు. సున్నితమైన షాంపూతో పూర్తిగా పోక పేరుకుంటుంది, రింగులు బరువెక్కి సాగుతాయి. అలా అనిపించినప్పుడు ఒక్కసారి సల్ఫేట్ ఉన్న మామూలు షాంపూతో కడిగితే చాలు. ఉప్పునీళ్లు వచ్చే ఇళ్లలో జుట్టు ఎంతకీ మెత్తబడకపోతే కాల్షియం, మెగ్నీషియం పేరుకుని ఉండవచ్చు. ఆ ఖనిజాలను పట్టి వదిలించే ఈడీటీఏ ఉన్న షాంపూ అప్పుడప్పుడు వాడితే తేడా తెలుస్తుంది.

స్నానం అయ్యాక తువ్వాలుతో రుద్దం. టీషర్టులో జుట్టును పోగేసి, పిడికిట్లో నొక్కి నీళ్లు తీసేస్తాం. చిన్నవాడికి ఆ తడి మీదే కడగనవసరం లేని లీవ్-ఇన్ కండిషనర్ కొద్దిగా రాస్తే రింగులు విడివిడిగా నిలుస్తాయి. పెద్దదానికి అదే రాస్తే అలలు చదునైపోయి, తల జిడ్డుగా కనిపించింది. అలల జుట్టుకు తక్కువ బరువే మేలు, ఆమెకు చివర్లకు బఠాణీ గింజంత జెల్ చాలు. రింగులు నిలబడేందుకని అమ్మే కర్లింగ్ క్రీములు మా పిల్లలిద్దరికీ డబ్బు దండగ. డిఫ్యూజర్ (గాలిని చెదరగొట్టే వెడల్పాటి మూతి) తగిలించిన డ్రయర్ తక్కువ వేడిలో బాగానే పనిచేస్తుంది, కానీ ఆ చప్పుడంటే చిన్నవాడికి భయం. మంచి వస్తువే అయినా అలా అల్మారాలో ఉండిపోయింది. 2ఏ (వదులు అలలు), 3బీ (రింగులు) అంటూ జుట్టు రకాలు చెప్పే పట్టికలను చూసి కొనడం చిన్నపిల్లల విషయంలో అంత అక్కరకు రాదు. పెరిగే కొద్దీ వాళ్ల జుట్టు తీరే మారుతుంది.

కొబ్బరి నూనె తలస్నానానికి ముందు చివర్లకు రాస్తాను. అది వెంట్రుక లోపలికి ఇంకే గుణం ఉన్న నూనె, కడిగేటప్పుడు ప్రోటీన్ పోకుండా కొంత కాపాడుతుంది. కానీ పొడిబారిన జుట్టుకు నూనె ఒక్కటే చాలదు, ముందు తడి కావాలి.

శాటిన్ గలీబు మీద మొదట నాకు పెద్ద నమ్మకం లేదు. తల వెనక రోజూ ఉండ కట్టే జుట్టు చాలావరకు తగ్గింది కాబట్టి ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. పట్టు గలీబే కావాలని లేదు, పాలిస్టర్ శాటిన్ అయినా నున్నగానే ఉంటుంది. ఏడాది లోపు పిల్లలకు మాత్రం పడకలో దిండే పెట్టకూడదు. పసిపిల్లలు నిద్రపోయేటప్పుడు తలకు టోపీలు పెట్టడం, గుడ్డలు కట్టడం కూడా వద్దు.

జడలు, పిలకలు వేస్తే వదులుగానే వేయండి. బిగించి లాగి కట్టే అలవాటు ఏళ్ల తరబడి సాగితే నుదుటి అంచున జుట్టు శాశ్వతంగా పలచబడవచ్చు. పిల్ల నొప్పి అన్నా, కుదుళ్ల దగ్గర చిన్న పొక్కులు కనిపించినా ఆ రోజే విప్పేయాలి. మాడు మీద గుండ్రంగా జుట్టు ఊడి, పొట్టు లేస్తూ, తెగిన వెంట్రుకలు నల్లచుక్కల్లా కనిపిస్తే నూనెలతో కాలయాపన చేయకుండా చర్మ వైద్యుడికి చూపించండి. అది తామర కావచ్చు. తలలో తామరకు పైపూత చాలదు, కడుపులోకి మందు వాడాలి.

తలస్నానం లేని రోజుల్లో పొద్దున్నే స్ప్రే సీసాలో నీళ్లు, కాస్త కండిషనర్ కలిపి చల్లి, వేళ్లతో రింగులు సర్దేస్తాను. మిగిలింది దాచను, పారబోస్తాను. నీళ్లు కలిశాక కండిషనర్‌లో పాడవకుండా కలిపే నిలవ మందు పలచబడి, సీసాలో సూక్ష్మజీవులు పెరుగుతాయి.