జాతీయ జెర్సీయా, విదేశీ క్లబ్బా: రగ్బీ ఆటగాడికి ఏది మేలు?

రగ్బీ యూనియన్‌లో ఆటకు జీతం తీసుకోవచ్చని అధికారికంగా ఒప్పుకున్నది 1995 ఆగస్టులో. అప్పటినుంచి, అంటే పాతికేళ్ళకు పైగా, ప్రతి మంచి ఆటగాడికీ ఒకే ప్రశ్న ఎదురవుతోంది. సొంత దేశంలోనే ఉండి జాతీయ జట్టుకు ఆడాలా, లేక ఫ్రాన్స్‌కో జపాన్‌కో వెళ్ళి నాలుగు డబ్బులు వెనకేసుకోవాలా?

వెళ్ళినవాడిని అభిమానులు దేశాన్ని వదిలేశాడంటారు. నాకు ఆ మాట అస్సలు నచ్చదు. జట్టులో చోటు ఖాయమైనవాడు ఉండిపోవడం మేలు. పిలుపు వస్తుందో రాదో తెలియక ప్రతి సీజన్ టెన్షన్‌తో గడిపేవాడు వెళ్ళడమే మేలు. ఇద్దరికీ ఒకే సలహా ఇవ్వడం అన్యాయం.

ఉండిపోవడం ఎంత లాభమో చూడాలంటే న్యూజిలాండ్ ఆటగాడు డాన్ కార్టర్‌ని మించిన ఉదాహరణ లేదు. న్యూజిలాండ్‌లో కాంట్రాక్ట్ ఉన్నవాళ్ళనే ఆల్ బ్లాక్స్‌కి, అంటే ఆ దేశ జాతీయ జట్టుకి, ఎంపిక చేస్తారు. 2011లో సొంతగడ్డ మీద ప్రపంచకప్ జరుగుతుంటే, ప్రాక్టీసులో గజ్జల్లో గాయమై కార్టర్ టోర్నీకే దూరమయ్యాడు. ఆ నిరాశలో విదేశాలకు వెళ్ళిపోయి ఉంటే 2015 ఉండేది కాదు. ఆ ఏడాది ఫైనల్లో న్యూజిలాండ్ 34-17తో ఆస్ట్రేలియాను ఓడించింది. కార్టర్ ఒక్కడే 19 పాయింట్లు కొట్టాడు. ఆ తర్వాతే పారిస్ క్లబ్ రాసింగ్ 92కి వెళ్ళి, 2016లో ఫ్రెంచ్ లీగ్ టాప్ 14 టైటిల్ కూడా గెలిచాడు. గాయం మానేదాకా బోర్డు, కోచ్‌లు అతని కోసం ఎదురుచూశారు. ఉండిపోయినవాడికి దక్కే అసలు విలువ అదే.

కానీ ఆ ఎదురుచూపు కార్టర్ లాంటివాళ్ళకే దొరుకుతుంది. అదే 2011లో, అదే దేశానికి చెందిన స్టీఫెన్ డొనాల్డ్ సంగతి చూడండి. అతన్ని ప్రపంచకప్ జట్టులోకి తీసుకోలేదు, ఇంగ్లండ్‌లోని బాత్ క్లబ్‌తో ఒప్పందం అప్పటికే అయిపోయింది. కార్టర్ తర్వాత మరో ఫ్లైహాఫ్ (జట్టు ఆటను నడిపించే స్థానం) కూడా గాయపడ్డాక డొనాల్డ్‌కి పిలుపొచ్చింది. ఫైనల్లో మూడో ఫ్లైహాఫ్ కూడా కుంటుతూ బయటికి వెళ్తే, మైదానంలోకి దిగి పెనాల్టీ కొట్టాడు. న్యూజిలాండ్ 8-7తో ఫ్రాన్స్‌పై గెలిచింది. డొనాల్డ్‌కి అదే చివరి టెస్టు. ప్రపంచకప్ గెలిపించిన మనిషికే స్వదేశంలో చోటు ఖాయం కాలేదంటే, అతను బాత్‌కి వెళ్ళడాన్ని తప్పుపట్టడానికి ఎవరికీ నోరు రాకూడదు.

వెళ్ళడంలో నష్టం ఎంతన్నది డబ్బు కన్నా, ఏ దేశం ఆటగాడన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఇంగ్లండ్ కూడా విదేశాల్లో ఆడేవాళ్ళను అసాధారణ పరిస్థితుల్లో తప్ప తీసుకోదు. ఫ్రెంచ్ క్లబ్ టూలాన్‌కి ఆడుతూ ఇంగ్లండ్ ఆటగాడు స్టెఫన్ ఆర్మిటేజ్ 2014లో యూరప్ మేటి ఆటగాడిగా ఎంపికయ్యాడు. మరుసటి ఏడాది సొంతగడ్డ మీద జరిగిన ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ అతన్ని పక్కనపెట్టి, గ్రూప్ దశలోనే ఇంటిముఖం పట్టింది. ఆస్ట్రేలియా మాత్రం 2015లో నిబంధన సడలించింది. 60 టెస్టులు ఆడి, దేశంలో ఏడేళ్ళు కాంట్రాక్ట్‌లో ఉన్నవాళ్ళు బయట ఆడుతున్నా ఎంపిక చేయవచ్చంది. అదే గిటో రూల్. 2011 ప్రపంచకప్‌కి కాదనిపించుకున్న మాట్ గిటో టూలాన్‌కి వెళ్ళి వరుసగా మూడు యూరోపియన్ కప్‌లు గెలిచి, ఈ రూల్‌తో 2015 ఫైనల్ ఆడాడు. తలకు దెబ్బ తగిలి మొదటి సగంలోనే బయటికి రావాల్సి వచ్చింది, అది వేరే విషాదం. దక్షిణాఫ్రికా అయితే ఎక్కడ ఆడుతున్నా పిలుస్తుంది. 2023 ఫైనల్లో 12-11తో గెలిచినప్పుడు ఆ 12 పాయింట్లూ కొట్టిన హాండ్రే పొలార్డ్ అప్పుడు ఇంగ్లండ్‌లోని లెస్టర్ ఆటగాడు. దక్షిణాఫ్రికా ఆటగాడికి విదేశీ కాంట్రాక్ట్ పెద్ద త్యాగమేమీ కాదు. న్యూజిలాండ్ ఆటగాడికి అది దేశం వదిలిన రోజే తలుపు మూసేస్తుంది.

మూసుకున్న తలుపుకి ఇప్పుడు ఒక కిటికీ ఉంది. న్యూజిలాండ్ ఆటగాడు చార్ల్స్ పియుటావు 2015లో విదేశీ ఒప్పందం చేసుకుని, ఆ ఏటి ఆల్ బ్లాక్స్ ప్రపంచకప్ జట్టులో చోటు పోగొట్టుకున్నాడు. ఆడింది 17 టెస్టులు. 2022 జనవరి నుంచి వచ్చిన నిబంధన ప్రకారం, మూడేళ్ళు అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడనివాడు తాను పుట్టిన దేశానికో, తల్లిదండ్రులు, లేదా వాళ్ళ తల్లిదండ్రులు పుట్టిన దేశానికో మారవచ్చు. అలా 2023 ప్రపంచకప్‌లో అతను తన మూలాలున్న పసిఫిక్ దేశం టోంగా జెర్సీ వేసుకున్నాడు. చిన్న దేశాలకు ఇది ఎంత మేలు చేసిందో చెప్పలేను. మూలాలు పసిఫిక్ దీవుల్లో ఉన్న ఆటగాడు నిర్ణయం తీసుకునేముందు ఈ లెక్క తప్పక వేసుకోవాలి.

స్వదేశంలో ఉంటే భద్రత అనే మాట కూడా ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. ఇంగ్లండ్‌లో 2022లో వూస్టర్, వాస్ప్స్, 2023లో లండన్ ఐరిష్ క్లబ్‌లు దివాలా తీశాయి. నమ్ముకుని ఉన్న ఆటగాళ్ళు రోడ్డున పడ్డారు. వాస్ప్స్ ఆటగాడు జాక్ విల్లిస్ ఫ్రాన్స్‌లోని టులూజ్‌కి వెళ్ళి, 2024లో యూరోపియన్ కప్, టాప్ 14 రెండూ గెలిచాడు. అక్కడే ఉండిపోవడంతో ఇంగ్లండ్ జట్టుకు దూరమయ్యాడు. అతన్ని ఆ దారి పట్టించింది క్లబ్ కుప్పకూలడమే, డబ్బాశ కాదు.

ఇక ఒంటి సంగతి. వేల్స్ మాజీ కెప్టెన్ సామ్ వార్‌బర్టన్ మెడకు, మోకాలికి ఆపరేషన్లయ్యాక 29 ఏళ్ళకే ఆట మానేశాడు. మైదానం అంచున పరిగెత్తే వింగర్‌కి ముప్పై దగ్గరపడితే వేగం తగ్గుతుంది. స్క్రమ్‌లో, అంటే రెండు జట్లూ తలలు వంచి ఒకదాన్నొకటి నెట్టుకునేటప్పుడు, ముందు వరుసలో ఉండే ప్రాప్‌కి మాత్రం ముప్పై దాటాక కూడా పట్టు ఉంటుంది. కాబట్టి వింగర్ తొందరపడాలి, ప్రాప్ ఆగవచ్చు. టాప్ 14లో లీగ్ మ్యాచ్‌లే 26, ఆపైన యూరోపియన్ పోటీలు. జపాన్ లీగ్‌లో మ్యాచ్‌లు 20 లోపే. అరిగిపోయిన మోకాళ్ళతో సంపాదన కోసం వెళ్తుంటే నేను జపాన్ వైపే మొగ్గుతాను.

మధ్యేమార్గంగా ఒక సీజన్ విరామం తీసుకుని బయట ఆడి రావచ్చు. న్యూజిలాండ్ దీన్ని పెద్ద ఆటగాళ్ళకే ఇస్తుంది. అందులోనూ ప్రమాదం ఉంది. 2009లో ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాన్ క్లబ్‌కి ఆడుతూ కొద్ది మ్యాచ్‌లకే కార్టర్ మడమ వెనక స్నాయువు తెగింది.

నాకు బాధ కలిగించేది 21, 22 ఏళ్ళకే జాతీయ జట్టు గడప కూడా తొక్కకుండా వెళ్ళిపోవడం. అప్పటికి తన స్థాయి ఏమిటో అతనికే తెలియదు. 26, 27 ఏళ్ళొచ్చి, తన స్థానంలో తనకన్నా ముందు ఇద్దరున్నారని తేలినవాడు మాత్రం ఏజెంటుని పిలవాలి. సంతకానికి ముందు జీతం అంకె కన్నా, గాయమై ఆరు నెలలు ఆడకపోతే ఎంత ఇస్తారు, జాతీయ జట్టు పిలిస్తే అడ్డు చెప్పకుండా వదులుతారా అన్నవి కాంట్రాక్ట్‌లో రాయించుకోవాలి.