మోర్స్కియే ఓకో: అమ్మానాన్నలతో నడవగలిగిన కొండదారి

పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లు చాలామంది, ఇంటి నుంచి పెద్దవాళ్లు వస్తే వావెల్ కోట, వియెలిచ్కా ఉప్పుగని చూపించి ఆగిపోతారు. నన్నడిగితే టాట్రా పర్వతాల్లోని మోర్స్కియే ఓకో సరస్సుకు తప్పకుండా తీసుకెళ్లాలి. అయితే పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయడం కాదు, సరస్సు ఒడ్డునున్న కొండబసలో ఒక రాత్రి ఉండాలి.

క్రాకోవ్ నుంచి టాట్రా కొండల కిందున్న జకోపానే ఊరికి బస్సులో రెండు, రెండున్నర గంటలు. అక్కడి బస్టాండ్ దగ్గర, సరస్సుకు నడక మొదలయ్యే పలెనిత్సాకు వెళ్లే మినీబస్సులు దొరుకుతాయి. సొంత కారైతే పార్కింగ్‌ను ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి. నేషనల్ పార్క్ ప్రవేశ టికెట్ వేరు.

పలెనిత్సా నుంచి సరస్సు దాకా సుమారు 8 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 400 మీటర్లు. మొత్తం తారురోడ్డే, ప్రైవేటు వాహనాలు రావు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులున్నా ఆగుతూ ఆగుతూ నడిచేసింది. మెలికల దగ్గర రాతిమెట్ల అడ్డదారులు కనిపిస్తాయి. మోకాళ్ల బాధ ఉన్నవాళ్లు వాటి జోలికి పోకుండా రోడ్డు మీదే నడవడం మేలు. ట్రెక్కింగ్ అలవాటున్నవాళ్లకు మాత్రం ఈ తారురోడ్డు విసుగు పుట్టిస్తుంది. వాళ్లు దారిలో వచ్చే మిత్స్‌కెవిచ్ జలపాతాల దగ్గర రొస్తోకా లోయలోకి తిరిగి, ఐదు చెరువుల లోయకు వెళ్తే బాగుంటుంది.

ఈ రోడ్డుకు ఓస్వాల్డ్ బాల్జర్ పేరు పెట్టారు. ఈ సరస్సు అప్పట్లో ఆస్ట్రియా పాలనలో ఉన్న పోలిష్ ప్రాంతం గలీసియాదా, హంగరీదా అన్న తగాదా 1902లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో మధ్యవర్తుల ముందుకు వెళ్లినప్పుడు గలీసియా తరఫున వాదించి గెలిపించిన న్యాయచరిత్ర పండితుడాయన. నడుస్తూ ఈ కథ చెబితే నాన్నకు భలే నచ్చింది. ఆస్తి తగాదాలంటే ఆయనకు ఎప్పుడూ ఆసక్తే.

గుర్రపు బళ్లు కూడా ఉన్నాయి కానీ ఎక్కమని చెప్పలేను. నిండా జనంతో ఎత్తు ఎక్కే గుర్రాల అవస్థ చూసి నా మనసు ఒప్పలేదు. జంతుప్రేమికులు ఎన్నో ఏళ్లుగా దీని మీద నిరసన తెలుపుతున్నారు. పైగా అవి సరస్సు దాకా రావు. మధ్యలోనే దించేస్తే మిగతా దూరం నడవాల్సిందే.

మధ్యాహ్నానికి సరస్సు ఒడ్డు జాతరలా ఉంటుంది. బెంచీలు ఖాళీ ఉండవు, క్యాంటీన్ క్యూ తలుపు దాటిపోతుంది. సాయంత్రం ఒక రోజుకు వచ్చినవాళ్లంతా దిగిపోయాక మోర్స్కియే ఓకో వేరే చోటులా మారుతుంది. దాదాపు 35 హెక్టార్ల నీరు, 50 మీటర్ల లోతు, వెనకాల రిసి శిఖరం ఉన్న కొండగోడ. అమ్మ గంటసేపు కదలకుండా చూస్తూ కూర్చుంది. ఆ గంట కోసమే రాత్రి బస అంటున్నాను.

ప్రధాన బస భవనం 1908 నాటిది. దగ్గర్లోనే అంతకన్నా పాతది, చిన్నది ఇంకొకటి ఉంది. హోటల్ సౌకర్యాలు ఆశించకూడదు. గదులు చిన్నవి, స్నానాలగదులు అందరికీ కలిపే. అయినా పరుపులు శుభ్రంగా ఉన్నాయి, సిబ్బంది మర్యాదగా మాట్లాడారు. వేసవిలో పడకలు చాలా ముందే నిండిపోతాయి కాబట్టి తేదీలు ఖాయం కాగానే బుక్ చేసేయండి. ఇక్కడి ఆపిల్ కేకు షార్లోత్కా వేడిగా తినండి, దానికి అంత మంచి పేరు ఊరికే రాలేదు. సూపుల్లో చాలావాటిలో మాంసం ఉంటుంది, శాకాహారులు అడిగి తీసుకోవాలి. మేం పులిహోర కట్టుకెళ్లాం, నాన్నకు ఏ టెన్షన్ లేకుండా గడిచింది.

ఓపిక ఉన్నవాళ్లు పొద్దున్నే పై సరస్సు చార్నీ స్తావ్‌కు ఎక్కొచ్చు. అది 1,583 మీటర్ల ఎత్తులో ఉంది. దారి నిటారు రాతిమెట్లు, పెద్దవాళ్లను బలవంతపెట్టకండి. పై సరస్సు ఒక చివర నుంచి కింది సరస్సు మొత్తం కనిపిస్తుంది. ఒకరు కింద అమ్మానాన్నలతో ఉండి ఇంకొకరు వెళ్లిరావడం మంచి ఏర్పాటు. చలికాలంలో మాత్రం రోడ్డు మీదకు కూడా మంచుచరియలు జారిపడతాయి, హెచ్చరికలు చూడకుండా బయల్దేరవద్దు. పర్వత రక్షణ దళం నంబరు 985.