చిటికెన వేలంత చేప కోసం మలపాస్కువాలో

హైదరాబాద్‌లో ఒక స్నేహితుడు ఉప్పునీటి అక్వేరియంలోకి మాండరిన్ చేపను తెచ్చుకున్నాడు. ఎన్ని రకాల మేత వేసినా అది ముట్టలేదు. రాళ్ల సందుల్లో తిరిగే, కోపిపాడ్లనే నలుసంత నీటి జీవుల వంటివే దాని ఆహారమని అతనికి తెలిసేసరికి పొట్ట లోపలికి పోయి చచ్చిపోయింది. ఆ చేపను దాని సొంత ఇంట్లో, సముద్రంలోనే చూడాలని నాకు అప్పుడే పట్టుకుంది. అవి ఉండే ఫిలిప్పీన్స్‌లోనే, సెబూ నగరంలో మేనకోడలు వైద్యం చదువుతోంది. పైగా 2025 జూన్ నుంచి ఫిలిప్పీన్స్ వెళ్లే భారతీయ పర్యాటకులకు 14 రోజుల వరకు వీసా అక్కర్లేదు. పిల్లను చూసి వస్తానని ఇంట్లో చెప్పి బయలుదేరాను.

సెబూ నుంచి, మలపాస్కువా దీవికి పడవలు బయలుదేరే మాయా రేవుకు బస్సులో దాదాపు అయిదు గంటలు పట్టింది. అక్కడి నుంచి ఇరువైపులా బొంగులు కట్టిన బంకా పడవలో అరగంటకు పైగా ప్రయాణం. ఆటు సమయంలో పెద్ద పడవ ఒడ్డు దాకా రాలేదు కాబట్టి చిన్న పడవలోకి మారి, దానికి విడిగా చిల్లర ఇచ్చుకోవాలి. మోసపోయామని గొడవ పడనక్కర్లేదు, అక్కడ అందరికీ అదే పద్ధతి.

మలపాస్కువా పొడవు రెండున్నర కిలోమీటర్లు, వెడల్పు కిలోమీటరు. కార్లు లేవు. మొదటి రాత్రి దక్షిణపు తీరంలో, మెట్లు దిగితే ఇసుకలో కాలు పడే గదిలో దిగాను. సముద్రం కనిపించినంత బాగానే పక్కనున్న బారు పాటలు కూడా వినిపించాయి. స్నానాల గదిలో వచ్చినవి ఉప్పునీళ్లే. మర్నాడు ఊరి లోపల, సగం అద్దెకు దొరికిన ఫ్యాను గదికి మారిపోయాను. అక్కడ నాలుగింటికే కోళ్లు లేపుతాయి, అయినా తీరం కన్నా ఇదే నయమనిపించింది. శుక్రవారం వీధి హోటల్లో పెసల కూర వండారు. పంది మాంసం కలపకముందే నాకు ఒక గిన్నె తీసి ఉంచమని అడిగాను. అన్నంలో కలుపుకుంటే ప్రాణం లేచి వచ్చింది.

ఈ దీవికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది థ్రెషర్ షార్కుల కోసం తెల్లవారకముందే పడవ ఎక్కుతారు. ఒంటి పొడవు తోకతో అవి చాలా అందంగా ఉంటాయి. వాటి సంగతి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను నా చేప దగ్గరికే వస్తాను.

మాండరిన్ చేపలుండే చోటు పేరు లైట్‌హౌస్. లోతు తక్కువే. నాకు అండమాన్‌లో తీసుకున్న మామూలు స్కూబా సర్టిఫికెట్ సరిపోయింది. మొదటి సాయంత్రం చవకగా దొరికిందని ఒక బృందంలో చేరాను. తొమ్మిది మందికి ఒకే గైడు. అందరి చేతుల్లోనూ తెల్లని టార్చిలైట్లు, అందరిదీ ఒకే పగడపు గుబురు మీద పోటీ. ఒకాయన ఈతకు తొడుక్కున్న రెక్కచెప్పు నా ముఖానికి తగిలి డైవింగ్ మాస్కు ఊడింది. చేప తోకైనా కనిపించలేదు.

రెండో సాయంత్రం ఒకటిన్నర రెట్లు ఎక్కువ అడిగిన చిన్న డైవింగ్ దుకాణంతో వెళ్లాను. నలుగురమే. పడవలోనే గైడు నియమాలు చెప్పాడు: ఎర్ర దీపం తప్ప మరొకటి వెలిగించకూడదు, పగడం మీద చెయ్యి వేయకూడదు, నల్లటి సముద్రపు ముళ్లకాయల (సీ అర్చిన్ల) మీద మోకాలు ఆనించకూడదు, ఆపైన కాచుకుని ఉండాలి. పావుగంట సేపు ఏమీ లేదు. విరిగిన పగడపు పుల్లల మధ్య చీకటి చిక్కబడుతుంటే, ఒక సందులోంచి గంగిరెద్దు మీది బొంత ముక్క ఒకటి కదిలినట్టయింది.

నీలం ఒంటి మీద నారింజ రంగు మెలికల చారలు, ముఖం మీద పచ్చని చుక్కలు. చాలా జంతువుల్లో కనిపించే నీలం రంగు నిజానికి వెలుగు చేసే గారడీ. ఈ చేప చర్మంలో మాత్రం నిజంగానే నీలి రంగు పదార్థం ఉంది, వెన్నెముక గల జీవుల్లో అది బహు అరుదు. పొలుసులుండవు. వాటికి బదులు ఒంటినిండా దుర్వాసన గల చేదు జిగురు ఉంటుంది, అందుకే వేటాడే చేపలు దీని జోలికి రావు. అంత కవచం ఉండి కూడా ఎందుకంత పిరికిదో! కడుపు కింది వెడల్పు రెక్కల మీద గెంతుతూ, అడుగు వేసి ఆగుతూ, మళ్లీ సందులోకి దూరుతూ వచ్చింది.

వీపు మీద పొడవాటి ముల్లు లేచి ఉంటే మగది. అది ఆడచేప పక్కన చేరింది. రెండూ చెంపలు ఆనించుకుని, నిచ్చెన ఎక్కుతున్నట్టు మెల్లగా పైకి లేచాయి. మీటరు ఎత్తున ఒక్క క్షణం ఆగి, గుడ్లను నీటిలోకి పొగలా వదిలేసి, రాయి పడ్డట్టు కిందికి వచ్చి మాయమయ్యాయి. కాసేపటికి మగది ఇంకో ఆడచేపతో మళ్లీ మొదలుపెట్టింది. కెమెరా నా మెడలోనే ఉండిపోయింది.

తిరిగి సెబూ వచ్చాక, ఎంత ఉంటుందని మేనకోడలు అడిగింది. చిటికెన వేలు చూపించాను.

"ఇంతేనా! మరి నన్ను చూడటానికి వచ్చానని అమ్మకెందుకు చెప్పావు మామయ్యా?" అంది.