కొండలు లేని చోట కాలినడక: ధవళేశ్వరం నుంచి కోరంగి దాకా మూడు రోజులు

"కోనసీమకి ట్రెక్కింగ్‌కి వెళ్తున్నాం" అంటే మా ఆఫీసులో ఒకావిడ పడీపడీ నవ్వింది. ఆవిడది రాజోలు పక్క. "ఏం ఎక్కుతారండీ అక్కడ, కొబ్బరిచెట్లా?" అంది. నిజమే, ధవళేశ్వరం దాటాక సముద్రం దాకా చిన్న గుట్ట కూడా కనిపించదు. మాకు కావలసిందీ అదే. మా అత్తయ్యగారికి అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్లు రెండూ అరిగాయి. మా పాపకి ఎనిమిదేళ్లు, పది నిమిషాలకోసారి "ఇంకెంత దూరం?" అంటుంది. మెట్లెక్కే పని లేకుండా అందరం కలిసి నడిచే చోటు కావాలి.

నేల సమంగా ఉంటే నడక సులువే అనుకున్నాం. అక్కడే లెక్క తప్పింది. డెల్టాలో మనిషిని కూలేసేది ఎత్తు కాదు, ఎండా ఉక్కా. మేం వెళ్లింది డిసెంబరులో. పొద్దున్న మంచు, తొమ్మిదింటికే చెమట. రాజమండ్రి స్టేషన్లో గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగగానే మూడు రోజులకి కారు మాట్లాడుకున్నాం. డ్రైవరు మొదటి మాటే "ఏదైనా పెందరాళే చూసేసుకోండమ్మా, ఎండెక్కితే తిరగలేరు" అన్నాడు. ఆ మాట ఒక్క రోజే విన్నాం.

ఆ రోజు ముందు ధవళేశ్వరం వెళ్లాం. బ్యారేజీ మీద నడవాలని మా ఆయనకి సరదా. మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు పొడవు, ఒక పక్క నిండు గోదావరి, ఇంకో పక్క ఇసుక మేటలు, చూడ్డానికి బ్రహ్మాండం. కానీ పక్కనుంచి లారీలూ బస్సులూ పోతుంటే పాప చెయ్యి వదల్లేం. పిల్లలతో అయితే కొంచెం దూరం వెళ్లి గోదారి చూసి వెనక్కి వచ్చెయ్యండి. దగ్గరే ఉన్న కాటన్ మ్యూజియం పిల్లలకి బాగా నచ్చుతుంది, ఆనకట్ట నమూనాలూ పాత యంత్రాలూ ఉన్నాయి. కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ 1982 నాటిది. ఆ తర్వాత దారిలో గుర్రమెక్కిన కాటన్ విగ్రహం కనబడిన ప్రతి ఊళ్లోనూ అత్తయ్యగారు కారులోంచే దణ్ణం పెట్టారు. ఆవిడ పుట్టిల్లు ఈ నీళ్లు తాగిన ఊరే.

అసలు నడక అంటే లొల్ల లాకుల దగ్గర. బ్యారేజీ దాటి బొబ్బర్లంక వైపు తిరిగి, కాలువ వెంట ఆత్రేయపురం మీదుగా వెళ్తే వస్తుంది. గోదావరి నీళ్లు కోనసీమ కాలువల్లోకి పంచుకునే చోటు ఇది. ఇనప తలుపులు, వాటిని ఎత్తే పళ్ల చక్రాలు, కింద నురగలు కక్కుతూ నీళ్లు. రోడ్లు సరిగా లేని కాలంలో పడవలు ఈ కాలువల మీదే సరుకు మోసేవి. కాలువలో ఒక పక్క నీటిమట్టం ఎక్కువ, ఇంకో పక్క తక్కువ ఉన్న చోట పడవని మధ్యలో ఆపి, నీళ్లు నింపో వదిలో రెండో మట్టానికి చేర్చేవాళ్లు. లాకు అంటే అదీ. పాపకి ఇది చెప్పడానికి రెండు గ్లాసులూ ఒక కాగితం పడవా కావలసి వచ్చాయి. కాగితం పడవ మునిగింది గానీ సంగతి అర్థమైంది.

లాకుల దగ్గర్నుంచి కాలువ గట్టు పట్టుకుని నడిచాం. గట్టు మీద పెద్ద పెద్ద చెట్లు, నీళ్ల మీదనుంచి గాలి. ఒకవైపు కాలువ, ఇంకోవైపు కోసేసిన వరి మడులు, కుప్పలు, దాళ్వాకి, అంటే రెండో పంటకి, పోసిన నారుమడుల పచ్చదనం. రేవులో బట్టలుతుకుతున్న ఒకావిడ "ఏ ఊరండీ మీది?" అని మొదలుపెట్టి, అత్తయ్యగారి పుట్టింటి వాళ్ల ఇంటిపేరు దాకా లాగింది. అరగంట వెళ్లి వెనక్కి తిరుగుదామనుకున్నాం. మోకాళ్లావిడే "ఆ మలుపు దాకా పోదాం" అంటూ గంట నడిపించారు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కాలువ పక్కన రెయిలింగు లాంటిదేమీ ఉండదు, ప్రవాహం పైకి కనిపించినంత మెత్తన కాదు. పిల్లల్ని గట్టుకి లోపలి వైపు నడిపించండి. బాత్రూం సంగతి ముందే ఆత్రేయపురంలో చూసుకుని వెళ్లండి.

ఆత్రేయపురంలో ఆగితే పూతరేకులు కొనడమే కాదు, రేకు తియ్యడం చూడండి. బోర్లించిన కుండ, కింద మంట. రేకులు తీసే ఆవిడ పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ తీసి కుండ మీద ఒక్క లాగు లాగుతుంది. గుడ్డ అటు దాటేలోపే ఇటు పొర ఎండి, అంచులు లేచి, కాగితంలా ఊడి వస్తుంది. పాప దగ్గరికి వంగి చూడబోతే "ఊపిరి గట్టిగా వదలకమ్మా, ఎగిరిపోద్ది" అంది ఆవిడ. ఈ పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బెల్లం, నెయ్యి వేసినవి మూడు డబ్బాలు తీసుకున్నాం.

ఆ రాత్రి అమలాపురంలో ఒక లాడ్జిలో దిగాం. ఫోన్లో వేడినీళ్లున్నాయన్నారు. ఉన్నాయి, కింద అంతస్తులో, పొద్దున్న ఏడింటి తర్వాత, బకెట్లో. అందుకే రెండో రోజు బయల్దేరేసరికి తొమ్మిది దాటింది.

అంతర్వేది చేరేటప్పటికి నడినెత్తిన ఎండ. లక్ష్మీనరసింహస్వామి దర్శనం తొందరగానే అయింది. గుడి నుంచి గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు నడుద్దామని దిగాం. గాలికి లోటు లేదు, నీడే లేదు. ఇసుకలో అడుగు వేస్తే సగం వెనక్కి జారుతుంది. పది నిమిషాలకే అత్తయ్యగారు, పాప ఆటో ఎక్కేశారు. మేమిద్దరం మొండికేసి నడిచాం. సంగమం దగ్గర నది నీళ్ల రంగు ఒకటి, సముద్రం రంగు ఇంకొకటి, రెండూ కలిసే చోట గీత గీసినట్టుంది. చూడాల్సిందే, కాకపోతే పొద్దున్న ఆరున్నరకి గానీ సాయంత్రం నాలుగు తర్వాత గానీ. భీష్మ ఏకాదశి తీర్థం రోజుల్లో అయితే జనం తప్ప గట్టు కనబడదు, కుటుంబంతో నడక మాట మరిచిపోండి. నరసాపురం వైపునుంచి వచ్చేవాళ్లు సఖినేటిపల్లికి పంటు మీద నది దాటండి, పిల్లలకి అదే ఒక పండగ.

రాత్రికి దిండి. నది ఒడ్డున రిసార్టులో గది, అమలాపురం లాడ్జికి మూడు రెట్లు పడింది. పడినా బాధ లేదు. తెల్లారి గది ముందునుంచే ఏటి ఒడ్డున కొబ్బరితోటల్లో నడిచాం, చేతిలో కాఫీ కప్పుతో. శని, ఆదివారాలకి ముందే బుక్ చేసుకోవాలి.

మూడో రోజు యానాం మీదుగా కోరంగి. కాకినాడ నుంచి సుమారు ఇరవై కిలోమీటర్లు. మడ అడవిలో చెక్క వంతెన మీద నడక, ఎత్తుపల్లాలు లేవు, పట్టుకోవడానికి పక్కన కమ్మీలున్నాయి. మోకాళ్లనొప్పుల వాళ్లకి ఇంతకన్నా సుఖమైన అడవి నాకు తెలీదు. కానీ మేం పదకొండింటికి వెళ్లాం. నీడ బోలెడు, గాలి సున్నా. మడచెట్ల మధ్య ఉక్క ఆవిరిపొయ్యి మీద కూర్చోబెట్టినట్టుంది, దానికి తోడు దోమలు. నిండు చేతుల చొక్కా, దోమల క్రీము తప్పనిసరి.

ఒక్క విషయంలో మాత్రం అదృష్టం కలిసొచ్చింది, అప్పుడు పాటు సమయం. నీళ్లు తీసి బురద బయటపడింది. బురదంతా పెన్సిళ్లు గుచ్చినట్టు వేర్లు, ఆకాశం వైపు. అవి మడచెట్లు గాలి పీల్చుకునే వేర్లు. వాటి మధ్య ఒక పీత, ఒక డెక్క చిన్నది, రెండోది దాని ఒళ్లంత ఉంది. చిన్న డెక్కతో బురద నోట్లో పెట్టుకుంటూ పెద్ద డెక్క పైకీ కిందకీ ఊపుతోంది. "మనకి టాటా చెప్తోంది" అని పాప కూడా ఊపింది. పోటు మీద వెళ్తే ఇవేవీ కనబడవు, పడవ షికారుకి మాత్రం అదే మంచిది. అడవిలో తిల్ల అనే చెట్టుంది, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం, పిల్లల్ని కొమ్మలు విరవనివ్వకండి. 1839 తుపానులో కోరంగి రేవు పట్టణం తుడిచిపెట్టుకుపోయిందని దారిలో మా ఆయన చెప్తుంటే, డ్రైవరు "ఈ మడే లేకపోతే మా ఊళ్లు కూడా ఉండవండి" అన్నాడు.

మళ్లీ వెళ్తే కోరంగికి పొద్దున్నే గేటు తీసే వేళకి వెళ్తాం, లొల్లకి రెండు పూటలు ఇస్తాం. బ్యారేజీ కారులోంచి చూస్తే చాలు.

పూతరేకుల డబ్బాలు సూట్‌కేసు అడుగున పెట్టకండి. మేం పెట్టాం. హైదరాబాద్ వచ్చి తెరిస్తే మూడు డబ్బాల్లోనూ నేతి పొడి. పాప దాన్ని పాలల్లో కలుపుకుని వారం రోజులు తాగింది.