పిల్లల పోశ్చర్ బెల్ట్: కొనేముందు ఒక్కసారి చదవండి

ఈ బెల్ట్ గురించి రాయడానికి కారణం ఉంది. మా పర్లాకిమిడిలో ఏ ఇంటికెళ్లినా ఇప్పుడు ఇదే గోల, ఫోన్ చూసీ చూసీ పిల్లలు గూనిగా అయిపోతున్నారు, ఏదైనా బెల్ట్ ఉంటే చెప్పమని. ఆన్‌లైన్‌లో 649 రూపాయలకి తెప్పించాం. రెండు స్టార్లు ఇస్తున్నాను, అవీ కుట్టు గట్టిగా ఉన్నందుకే.

భుజాల మీంచి వచ్చి చంకల కిందగా వెనక్కి పోయే రెండు పట్టీలు, వీపు మీద వెల్‌క్రో. ఫ్రీ సైజ్ అంటారు గానీ మా పదకొండేళ్ల బక్కపిల్లాడికి చివరిదాకా బిగించినా వదులే, ఇంకాస్త లాగితే చంకల దగ్గర ఒరుసుకుని ఎర్రగా కందిపోయింది. ఈ ఉక్కలో చెమటకి దురద సరేసరి.

ఇవన్నీ సర్దుకోవచ్చు. బెల్ట్ పెట్టుకుని మంచం మీద కూర్చున్నవాణ్ణి పక్కనుంచి చూడండి, భుజాలు వెనక్కే ఉంటాయి, కానీ ఫోన్ ఒళ్లో ఉంది కదా, గడ్డం గుండెకి ఆనుకునే ఉంటుంది. వాడు నొప్పి అన్నది మెడ వెనక, ఇది లాగి పట్టేది భుజాల్ని!

మెడ మీద 27 కిలోల భారం అని బెల్టులు అమ్మేవాళ్లు భయపెడుతుంటారు. అది 2014లో న్యూయార్క్ వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ కంప్యూటర్ మోడల్‌తో కట్టిన లెక్క, పెద్దవాళ్ల తల 60 డిగ్రీలు వంగినప్పటిది, పిల్లల మీద కొలిచింది కాదు. 2018లో బ్రెజిల్‌లో 18-21 ఏళ్లవాళ్లని పరిశీలిస్తే ఫోన్ చూసే భంగిమకీ మెడనొప్పికీ సంబంధమే కనబడలేదు. అందుకని ఆ 27 కిలోల అంకె చూసి టెన్షన్ పడకండి. బరంపురంలో మేం చూపించిన ఫిజియోథెరపిస్ట్ మేడమ్ కూడా, వంగడం కన్నా గంటల తరబడి కదలకుండా ఉండిపోవడమే చేటు, కండరం పని చేస్తేనే బలపడుతుంది, బెల్ట్ ఆ పని చెయ్యదు అన్నారు. గడ్డాన్ని నిదానంగా వెనక్కి లాక్కుని కాసేపు ఆపే వ్యాయామం నేర్పారు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట ఉండాలని డబ్ల్యూహెచ్‌ఓ కూడా చెప్తోంది, సాయంత్రం వాణ్ణి మైదానానికి తోలడానికి పైసా ఖర్చు లేదు.

మా ఇంట్లో పనికొచ్చింది మావగారు పారాయణకి వాడే వ్యాసపీఠం. దాన్ని బల్ల మీద పెట్టి ఫోన్ ఆనిస్తే తెర కళ్లకి దాదాపు ఎదురుగా వస్తుంది, పైగా ఫోన్ పట్టుకుని మంచం ఎక్కడం తగ్గింది. మా అత్తగారు "ఒరే గుంటడా, నడుం ఎత్తి కూర్చో" అని అరవడమూ తగ్గింది.

చేతులు తిమ్మిరెక్కుతున్నా, రాత్రి నొప్పికి నిద్ర లేస్తున్నా బెల్టులూ వ్యాసపీఠాలూ వెతక్కండి, డాక్టరుకి చూపించండి. ఇప్పటికే కొనేసి రిటర్న్ గడువు ఉన్నవాళ్లు కవరు పారేయకుండా వెంటనే వెనక్కి పంపేయండి, వెల్‌క్రోకి నూలు పట్టాక మా దగ్గర తీసుకోలేదు.